రేబెకా ఇచ్చిన చిరునామా

పరుగు.

ఏక్‌బాల్‌పూర్ సందుల్లో రేబెకా పరుగెత్తుతోంది. చీకటి పడి ఎంతోసేపు కాలేదు. కబాబుల పొగ... రిక్షా గంటలు... నీళ్ల ట్యాంకరు చుట్టూ బిందెల వరస... అన్నిటినీ తోసుకుంటూ పోతోంది.

వెనక ఇద్దరు!

ఆమె గుప్పిట్లో దూదిలో చుట్టిన మట్టి ముద్ర. దాని మీద తెరచాప ఎత్తిన ఓడ. ఎన్నో శతాబ్దాల క్రితం ఎవరో వర్తకుడు తన సరుకుల మీద వేయించుకున్న గుర్తు.

ఆగమని వెనక నుంచి బెంగాలీలో కేక. శుభ్రాంశు గొంతు.

నిన్నటిదాకా ఆ గొంతు ఆమెకు ధైర్యం. భూగోళశాస్త్రంలో డిగ్రీ చేసి యూనివర్సిటీ పురావస్తు విభాగంలో పై చదువుకు చేరిన ఆమెకు, మట్టి పొరలను పుస్తకం చదివినట్టు చదవడం నేర్పిన సీనియర్ రీసెర్చ్ స్కాలర్ అతను. అందరిలాగే ఆమె కూడా అతన్ని అన్నా అన్నట్టుగా శుభ్రాంశు దా అని పిలిచేది.

ఈ సాయంత్రం స్టోర్‌రూమ్‌లో, ఫోటో తీసే ముందు ముద్రను శుభ్రం చేయబోయింది. తడి బ్రష్ తగలగానే రంగు దిగింది.

లోపల తెల్లటి ప్లాస్టర్!

అసలు ముద్ర, పక్కనే ఉన్న శుభ్రాంశు తెరిచిన బ్యాగులో ఉంది. ఆమె చూసింది. ఆమె చూడడం అతను చూశాడు.

తవ్వకంలో దొరికిన వస్తువులన్నీ ఆమె బాధ్యతలో ఉన్నాయి. నకిలీ సంగతి రేపు బయటపడితే దొంగ రేబెకా అవుతుంది. చదువు పోతుంది. పేరు పోతుంది. అందుకే లాక్కుంది. పరుగెత్తింది.

గేటు దగ్గర ముద్ర కోసం కాచుకున్న మనిషి కూడా వెంటపడ్డాడు. కొనేవాళ్ల తరఫు మనిషి. చొక్కా కింద, నడుము దగ్గర ఏదో బరువుగా ఊగుతోంది.

తుపాకీ.

మలుపు. మళ్లీ మలుపు. మాంసం కొట్టు వెనక గోడకు అతుక్కుని ఊపిరి బిగబట్టింది.

అడుగులు దగ్గరికొచ్చాయి... ఆగాయి... ఏదో గుసగుస.

టాక్సీ తలుపు పడిన చప్పుడు. ఇంజను దూరమైంది.

వెళ్లిపోయారు!

తన ఇల్లు వాళ్లకు తెలియదు. ఆ ధీమా ఆమెకు ఉంది. ఆ ధీమాకు మూలం మాత్రం పైకి చెప్పుకోదగ్గది కాదు.

చేరిన కొత్తలో ఇల్లెక్కడని ఎవరో అడిగారు. డబ్బున్నవాళ్ల పేట సాల్ట్ లేక్ పేరు చెప్పింది. నోటికి వచ్చిన మాట కాదు. ఆదివారాలు అక్కడ మైథిలి అనే హైదరాబాదు అమ్మాయికి బెంగాలీ నేర్పేది. మైథిలిది అక్కడి సెక్టార్ ఫైవ్‌లో ఐటీ ఉద్యోగం, ఒంటరి కాపురం. సంగతి చెబితే మైథిలి నవ్వి, మా అడ్రసే ఇచ్చుకో, దాందేముంది అంది. అలా అందరి దృష్టిలో మైథిలి ఆమెకు అక్క అయింది.

ఒక అబద్ధం మరో అబద్ధాన్ని కన్నది. రోజూ సాయంత్రం అందరి ఎదుటా సాల్ట్ లేక్ బస్సు ఎక్కేది. తరువాతి స్టాపులో దిగి, తల వంచుకుని వెనక్కి నడిచేది. ఎవరి పేటకు వాళ్లు పటం గీయమన్నప్పుడు మైథిలి ఇంటి వీధిని గీసింది. పార్కుతో, చెట్లతో సహా. క్లాసులో అదే బాగుందన్నారు.

దొరికిన చోటు తెలియని వస్తువు సగం చచ్చినట్టేనని మొదటి పాఠంలోనే విన్నది. విని, తన చోటును తానే తుడిచేసుకుంది.

కార్పొరేషన్ క్వార్టర్స్. చెత్త బండ్ల వరస దాటి ఇంట్లోకి దూరి గడియ పెట్టింది.

తండ్రి సత్యరాజు కాళ్లు కడుక్కుంటున్నాడు. పొద్దున్నే చీపురు పట్టి ఖిదిర్‌పూర్ రోడ్లు ఊడ్చే మనిషి. కూతురి ముఖం చూసి చెంబు దించాడు. ఆమె జరిగినదంతా చెప్పింది.

"మీ మేస్టారుకి ఫోన్ సెయ్యి. ఇక్కడికే రమ్మను. ఆరి సేతికే ఇచ్చేద్దుము."

ప్రొఫెసర్ నంబరు తెర మీద ఉంది. వేలు కదలలేదు. ఆయన ఈ సందులోకి వస్తారు. ఈ బండ్లను చూస్తారు... గోడకు ఆనించిన చీపుర్లను చూస్తారు...

"పొద్దున్న నేనే వెళ్లి ఇస్తాను నాన్నా."

సత్యరాజు ఆమె వేలి వంక, తెర మీది నంబరు వంక చూశాడు.

"రమ్మంటే సిన్నతనమా?"

ఆయన తువ్వాలు తీసుకుని తడి లేని చేతులనే మళ్లీ తుడుచుకున్నాడు. రేబెకా నేల వంక చూసింది. ముప్పావు గంట గడిచింది. ఆ ఫోను ఆమె చేయలేదు.

అదే మోగింది.

మైథిలి!

"రేబెకా, మీ సీనియరంట, ఇంటికొచ్చారు. నువ్వు లేవంటే నమ్మట్లేదు. ఎవరో ఇంకొకాయన కూడా ఉన్నారు. ఏం చెప్పమంటావ్?"

టాక్సీ ఎక్కడికి వెళ్లిందో ఇప్పుడు అర్థమైంది.

"తలుపు తీయకు అక్కా."

"తీశాను కదా, హాల్లో కూర్చున్... అయ్యో!"

ఫోను నేల మీద పడిన చప్పుడు. పరుగు. ఒక తలుపు మూసుకుంది. గడియ పడింది.

తరువాత శుభ్రాంశు గొంతు. బెంగాలీలో, మెల్లగా, పాఠం చెప్పినట్టే.

"రేబెకా, మీ అక్కతో పాటు నువ్వూ ఆ గదిలోనే దాక్కుని ఫోనులో మాట్లాడుతున్నావు. గడియ తీసి ముద్ర ఇచ్చేయ్. ఎవరికీ ఏమీ కాదు."

"నేను అక్కడ లేను. అది నా ఇల్లు కాదు."



చెప్పక తప్పదు. తండ్రి ఎదుటే చెప్పాలి. ఆయనకు బెంగాలీ వచ్చు.

"నా ఇల్లు ఏక్‌బాల్‌పూర్‌లో, కార్పొరేషన్ క్వార్టర్స్‌లో. మా నాన్న రోడ్లు ఊడుస్తారు. మీ అందరికీ అబద్ధం చెప్పాను. ముద్ర నా దగ్గరుంది. ఆమెను వదిలేసి ఇక్కడికి రండి."

సత్యరాజు తల పక్కకు తిప్పుకున్నాడు.

శుభ్రాంశు నవ్వాడు.

"నువ్వా? ఊడ్చేవాళ్ల పిల్లవా? ఇన్నాళ్లుగా నిన్ను సాల్ట్ లేక్ బస్సు ఎక్కించింది నేనే కదా. కథ అల్లితే నమ్మేలా అల్లాలి."

"నిజం... శుభ్రాంశు దా, నిజం చెబుతున్నాను..."

సత్యరాజు చేయి చాచి ఫోను తీసుకున్నాడు. తన పేరు చెప్పాడు. వార్డు చెప్పాడు. పిల్ల చెప్పేది నిజమని, ఇక్కడికే రమ్మని, వచ్చీరాని బెంగాలీలో బతిమాలాడు.

"మీ ఇంటి డ్రైవరుకు బాగానే నేర్పావు రేబెకా" అన్నాడు శుభ్రాంశు.

ఆ తరువాతి మాట ఆమెతో కాదు. పక్కనున్న మనిషితో.

"లోపలే ఉంది. తలుపు పేల్చెయ్."

"వద్దు!"

తుపాకీ పేలింది.

సత్యరాజు ఫోను చెవి నుంచి తీయలేదు. అవతలి నుంచి ఏదో మూలుగు వినిపిస్తున్నట్టు కళ్లు చిట్లించాడు. తరువాత, కూతురి వైపు తిరిగాడు.

"ఎవులింటి తలుపే అది?"