ఎనిమిది లారీలు, ఒకటే పలక

ఏజెంట్ మునిరత్నాన్ని పొడిచింది మామిడికాయలు కోసే కత్తితోనే. పొడిచి, బంగారుపాళ్యం పల్ప్ ఫ్యాక్టరీ వెనక కుళ్లిన తొక్కల గుట్ట మీద పడేసి పోయారు విదేశీ ముఠా మనుషులు. అతని బనియన్‌లో దాచిన ఫ్లాపీ మాత్రం వాళ్ల కంట పడలేదు. అందులో ఎనిమిది లారీల వివరాలున్నాయి. వాటిలో ఒక లారీలో, ఏదో ఒక డబ్బాలో, రాకెట్ ఇంజన్ డ్రాయింగుల మైక్రోఫిల్మ్ ఉంది. మధ్యాహ్నం పన్నెండులోగా ఆ లారీ రాష్ట్ర సరిహద్దు దాటిందంటే సాయంత్రానికి ఫిల్మ్ విదేశీ ఓడ ఎక్కుతుంది.

1985 జూన్. మండీ వ్యాపారి వేషంలో ఉన్న ఏజెంట్ ధనంజయ మోచేతుల దాకా పల్ప్ పూసుకుని నిలబడ్డాడు. టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలోని వైర్‌లెస్ గుర్రుమంది.

"తోతాపురి ఫోర్! దొరికిందా?" అన్నాడు చీఫ్ బాలసుబ్రమణ్యం, ధనంజయను కోడ్ పేరుతో పిలుస్తూ.

"పట్టుకున్న లారీలో నాలుగు వందల డబ్బాలు కోసినాం సార్. అంతా రసమే."

"ఆ ఫ్లాపీ లిస్టులో ఎనిమిదిసార్లూ ఆ నంబరే ఉంది కదయ్యా!"

"ఎనిమిది లారీలకు ఒకటే నంబరు ఎట్లుంటుంది సార్?"

"కంప్యూటర్ అబద్ధం చెప్పదు. మళ్లీ వెతుకు. ఓవర్."

ధనంజయకు ఒళ్లంతా రోత పుట్టింది. ఈగలు, పులిసిన కంపు, ఏసీ గదిలో కూర్చుని ఓవర్ అనే ఈ పెద్దమనిషి. సీజన్‌లో ఈ రోడ్డు మీద వందల లారీలు. నంబర్లు లేకుండా దేన్నని ఆపాలి? గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది.

యార్డులో రైతులు గొడవ పడుతున్నారు. కాటా దగ్గరి కుప్పమ్మ మీద ఒకాయన విరుచుకుపడ్డాడు.

"నా కాయలు యాడుండాయమ్మా?"

"పలకలో రాసుండాది, సూడప్పా."

"పలకలో ఎవరి పేరో ఉండాది!"

"నేనేం జేసేది సామీ? కుప్పకొక పలక ఈమంటే ఓనరు ఒకటే ఇచ్చినాడు. కొత్త లోడు రాంగానే పాత పేరు తుడిసి రాస్తాండా. ఏ కుప్ప ఎవరిదని అడిగినా పలక సూడమంటాండా."

ఎనిమిది కుప్పలు. ఏది అడిగినా చివరొచ్చిన రైతు పేరే. ధనంజయ చేతులైనా కడుక్కోకుండా కంప్యూటర్ గదికి పరుగెత్తాడు.

ఫ్యాక్టరీ కంప్యూటర్ నడిపే పంకజాక్షి షిఫాన్ చీరలో, సెంటు ఘుమఘుమలతో కూర్చుని ఉంది. విదేశీ ముఠాకు ప్రోగ్రాములు రాస్తూనే ప్రభుత్వానికి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. తెర మీది ప్రోగ్రామును ధనంజయ వేలితో పొడిచాడు. తెరకు పల్ప్ అంటుకుంది.

"లారీకొకసారి తిరిగే లూప్ బయట లారీ రికార్డు ఒక్కసారే పుట్టించినావు. అర్రే అనే వరసలో ఎనిమిది గళ్లలోనూ ఆ ఒక్క రికార్డు అడ్రసే పెట్టినావు. కొత్త లారీ రాగానే పాతది చెరిపి రాసినావు. ఎనిమిది గళ్లూ ఒకే పలకను చూపిస్తాండాయి!"

పంకజాక్షి గోళ్ల రంగు చూసుకుంది. "తెలుసు సార్. కావాలనే చేసినా. అసలు లిస్టు తీసేది నేనొక్కదాన్నే అయితే, నన్ను ఎవరూ చంపరు గదా?"

"మునిరత్నాన్ని చంపినారు!"

"ఆయన నన్ను అడిగుంటే చెప్పేదాన్ని."

ధనంజయకు ఉమ్మేయాలనిపించింది. పిస్టల్ తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ లైను లూప్ లోపలికి మార్చు. లారీకొక కొత్త రికార్డు. ఊఁ!"

ఒక్క లైను. ప్రింటర్ కరకరలాడింది. ఎనిమిది నంబర్లు, ఎనిమిదీ వేరువేరు. మూడోదాని పక్కన ఉంది "అడుగు డబ్బా" అన్న మాట. ధనంజయ ఆ నంబరును వైర్‌లెస్‌లో చెక్‌పోస్టుకు చెప్పాడు.

పన్నెండుకు ఇంకా నిమిషం ఉందనగా సరిహద్దు చెక్‌పోస్టు గేటు దిగింది. అప్పటికే లారీ ముందు చక్రాలు గేటు దాటేశాయి. వెనక చక్రాలు మనవైపే ఆగాయి. ఫిల్మ్ దొరికింది. పంకజాక్షి చేతులకు గాజుల పక్కన బేడీలు పడ్డాయి.

నెల తర్వాత ఆపరేషన్‌లో పాల్గొన్న ఎనిమిది మందికీ ఆఫీసు నుంచి ప్రశంసాపత్రాలు వచ్చాయి. మునిరత్నం భార్యకు ఇవ్వాల్సినది ముందుగా విప్పాడు ధనంజయ. అందులో గ్రహీత పేరు రాయాల్సిన చోట బాలసుబ్రమణ్యం పేరుంది. తనది విప్పాడు. అదే పేరు. మిగతా ఆరూ అంతే.

ఎనిమిదింటినీ తిరిగి కవర్లో పెట్టి, పైన ఎర్రసిరాతో రాశాడు: "పలక మార్చి పంపండి. మొదట మునిరత్నం పేరు రాయండి."