చూసేవాళ్ల టికెట్

బట్ట కత్తెరతో కాగితం కోయకూడదన్నది ఆ ఇంట్లో పిల్లలకు అక్షరాలకంటే ముందు నేర్పిన పాఠం. అయినా ఆ శనివారం ఉదయం కర్టెన్ గుడ్డ బల్ల మీద పరిచి కత్తెర ఆడించేసరికి గుడ్డ కసుక్కున తెగలేదు, కత్తెర నమిలినట్టు లాగింది. కర్టెన్లు కుట్టడమే పనైన ఆ ఇంటి ఇల్లాలు, ఆమె, కత్తెర వెలుతురుకు పెట్టి చూసింది. అంచుకు రంగు కాగితం నలుసు అంటుకుని ఉంది.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

బల్ల కింద నుంచి చిన్నకూతురు తల బయటికొచ్చింది. తొమ్మిదేళ్లది. ఇంట్లో అందరూ పిడుగనే పిలుస్తారు.

"నేను కాదు. అంటే, నేనే. కానీ కొంచెమే కోశా."

"నువ్వు కొంచెమే కోశావని అదీ కొంచెమే మొండిబారుతుందా? నీ కత్తెర నీకుంది కదా, చిలక బొమ్మది."

"దాంతో గుండ్రంగా రాదమ్మా."

"రాకపోతే చదరంగా కోసుకో. ఇది నా చెయ్యి. నా చేతిని తీసుకెళ్లి నువ్వు గోడకు రుద్దావు, తెలుసా?"

గడ్డం గీసుకుంటున్న భర్త బాత్రూమ్ తలుపు సందులోంచి సగం నురగ మొహం పెట్టాడు. "ఒక్క కత్తెరకు పొద్దున్నే ఇంత రభసా? సాన పట్టిస్తే పోదూ?"

"మీ కళ్లద్దాల షాపులో లెన్సు అరగదీసే మిషన్ మీద ఎవర్నైనా చెప్పు అరగదీయనివ్వండి. రభసంటే ఏమిటో అప్పుడు మీరే చెబుదురు గానీ."

కిటికీ పక్క కుర్చీలో టీ తాగుతున్న అత్తగారు గ్లాసు వెనక నవ్వుకుంది. భర్త తలుపు వేసుకున్నాడు.

పిడుగు కోసిన బొమ్మలు అప్పటికే ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉన్నాయి. సెలవుల్లో వెళ్లబోయే సముద్రపు ఊళ్లో ఉన్న పెద్ద పార్కు బొమ్మ, ఆకాశంలో మెలికలు తిరిగిన పట్టాల మీద తలకిందులుగా రైలు. అదొక్కటే అయితే ఆమె ఊరుకునేది. దాని పక్కన నీళ్ల జారుడు బండల పార్కు ఉంది. దాని కింద, లోపలంతా మంచు కురిపించే పార్కు.

ఒక్క పార్కు, మిగతా రోజులు సముద్రం. చలికాలంలోనే కూర్చుని అనుకున్న మాట అది. హోటల్ గదులన్నిటికీ కర్టెన్లు కుట్టిన డబ్బు ఆమె తీసి ఇచ్చింది, అతను బోనస్ కలిపాడు, సముద్రానికి ఎదురుగా గది తీసుకున్నారు. ఆమె మనసంతా ఆ గది కిటికీ మీదే ఉంది. ఆ కిటికీకి ఎవరు కుట్టిన కర్టెనో కట్టి ఉంటుంది, దాన్ని కొలవక్కర్లేదు.

"ఇవి మూడెందుకున్నాయే?"

పిడుగు తలుపు వైపు చూసింది. "నాన్న చెప్తానన్నాడు. నన్ను చెప్పొద్దన్నాడు."

భర్త తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి రొట్టె ముక్క తీసుకున్నాడు. పదిహేనేళ్ల పెద్దకూతురు తల దువ్వుకుంటూ వచ్చి, గాలి మారిందని గ్రహించి, గుమ్మంలోనే ఆగింది.

"అదే చెబుదామనుకుంటున్నా. మూడూ కలిపి ఒక టికెట్ పెట్టారు. విడివిడిగా కొంటే రెండింటికి అయ్యేదాంట్లోనే మూడూ వచ్చేస్తాయి. మూడోది దాదాపు ఊరికే వచ్చినట్టు."

"మనం అనుకున్నది ఒకటి కదండీ. రెండోదే అక్కర్లేదంటుంటే మూడోది ఊరికే వస్తుందంటారేంటి? ఏనుగు చవగ్గా వస్తోందని కొంటారా?"

"ఏనుగేంటి మధ్యలో?"

"కొనడం ఒక్కటేనా, మేపొద్దూ? పొద్దున పోతే సాయంత్రందాకా లోపలే తిండి. సీసా నీళ్లు కూడా అక్కడ బంగారం. మంచు పార్కులో కోట్లు అద్దెకు, బూట్లు అద్దెకు. మరి సముద్రం ఎప్పుడు చూస్తాం? బస్సు కిటికీలోంచా?"

"అంత దూరం వెళ్లి ఒక్కటి చూసొస్తామా? మళ్లీ ఎప్పుడు వెళ్తాం? వచ్చే ఏడు పెద్దది హాస్టల్‌కు పోతుంది. ఆ తర్వాత అందరం కలిసి వెళ్లేదెక్కడ? నేను ఏడాదంతా ఆ మిషన్ ముందు నిలబడేది ఎందుకు, పిల్లల్ని తీసుకెళ్లి గేటు దగ్గర బోర్డు చూపించి తీసుకురావడానికా?"

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. సాయంత్రమయ్యేసరికి అతని కాళ్లు వాచిపోవడం ఆమె చూస్తూనే ఉంది. అందుకే గొంతు తగ్గించింది.

"సరే. మన చేతిలో ఉన్నదాంతో మూడెలా సరిపోయాయి? అది చెప్పండి."

అతను ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"అదీ అడగాల్సిన మాట. అక్కడ రెండు రకాల టికెట్లున్నాయి. ఎక్కేవాళ్లది, చూసేవాళ్లది. చూసేవాళ్లదైతే లోపలికి రావచ్చు, తిరగొచ్చు, కూర్చోవచ్చు, ఫోటోలు తీయొచ్చు. రైడ్లు మాత్రం ఎక్కకూడదు. పావు ధరే. నీకు మూడింటికీ అదే తీశా. నీ టికెట్‌లో మిగిలిన డబ్బు అటు వేస్తే లెక్క సరిపోయింది."

మెచ్చుకోలు కోసం అతను ఆమె మొహం వంక చూశాడు. సరుకు దండగ కాకుండా రెండు లెన్సులు ఒకే గాజులో తీసిన రోజున కూడా ఇలాగే చూస్తాడు.

"నాకా?"

"నీకే. నువ్వెలాగూ ఎక్కవుగా. సంచులు చూసుకుంటూ బల్ల మీద కూర్చునేదానికి పూర్తి టికెట్ ఎందుకు, దండగ."

"మరి అత్తయ్యకి?"

"అమ్మకు పెద్దవాళ్ల రాయితీ ఉంది, ఎక్కే టికెట్టే తీశా. అమ్మ ఎక్కుతుందిగా."

అత్తగారు టీ గ్లాసు కింద పెట్టింది. "నన్ను ఇందులోకి లాగకురా."

ఆమె కత్తెరను దాని గుడ్డ సంచిలో పెట్టి, తాడు ముడి వేసి, అప్పుడు మాట్లాడింది.

"నేనెక్కనని మీతో ఎవరు చెప్పారు?"

"నువ్వే చెప్పావు. కళ్లు తిరుగుతాయనీ, వద్దనీ."

"ఎప్పుడు చెప్పాను?"

"ఎప్పుడో చెప్పావు. ప్రతిసారీ కూర్చుంటావు కదా."

"పిడుగు కడుపులో ఉన్నప్పుడు చెప్పాను. తర్వాతి ఏడు అది చంకలో ఉంది, కూర్చున్నాను. ఆ తర్వాత దాని ఎత్తు సరిపోలేదు, ఏడుస్తుందని కూర్చున్నాను. దాని ఎత్తు సరిపోయింది, నా చేతికి సంచులొచ్చాయి. నీళ్లు, తువ్వాళ్లు, మీ చెప్పులు, మీ కళ్లజోడు, అత్తయ్య మందులు. రావే, నువ్వొకసారి ఎక్కు అని ఈ తొమ్మిదేళ్లలో మీలో ఒక్కరన్నారా?"

"అమ్మా, నీకు భయమనుకున్నాం," అంది పెద్దకూతురు.

"భయం నాకు కాదు."

"మరెవరికట?" భర్త గొంతు లేచింది.

అత్తగారు అప్పటిదాకా పెదవి బిగించుకునే కూర్చుంది. ఇక ఆగలేకపోయింది. "ఒరేయ్, పెళ్లైన కొత్తలో ఎగ్జిబిషన్‌కు వెళ్లాం, మర్చిపోయావా? పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరిగిందో లేదో ఆపండి ఆపండి అని అరిచావు. దిగి నా చీర మీదే కక్కావు. నేను నీ తల పట్టుకుని కూర్చుంటే ఈ పిల్ల మళ్లీ వెళ్లి ఎక్కింది. ఇంకా ఎక్కుతానంది కూడాను."

పిడుగు పకపకా నవ్వింది. నాన్న మొహం చూసి నోరు మూసుకుంది.

"అవునమ్మా, కక్కాను," అన్నాడు అతను, చెవులు ఎర్రబడి. "తప్పే. ఆ తప్పుకు ఇప్పుడు పిల్లల సరదా మానిపించండి ఇద్దరూ కలిసి. పోనీ, నీకూ ఎక్కే టికెట్ తీస్తా. సరేనా? దానికింత యాగీ ఎందుకు?"

"ఏ డబ్బుతో?"

అతను చేతిలోని రొట్టె ముక్కను అటూ ఇటూ తిప్పాడు.

"చూశారా. నన్ను తీసేస్తేనే మనకు మూడు పార్కులు వచ్చాయి. నేనూ ఒక మనిషినని లెక్కేస్తే ఒక్కటే వస్తుంది. ఒక కిటికీ వదిలేసి కొలతలు తీసుకుంటే ఎవరికైనా గుడ్డ మిగులుతుందండీ. మిగిలిందని మురిసిపోవడానికి సిగ్గుండాలి."

"నోరు జారుతున్నావు."

"జారడం లేదు. కూర్చునే మాట్లాడుతున్నాను. అది అలవాటేగా నాకు."

అతను రొట్టె సగంలో వదిలేసి షాపుకు వెళ్లిపోయాడు. తలుపు వేసిన చప్పుడుకు ఫ్రిజ్ మీది మంచు పార్కు ఊడి కింద పడింది. ఎవరూ తీయలేదు.

మధ్యాహ్నం పళ్ల డాక్టరు క్లినిక్‌లో కర్టెన్లు కట్టాలి. కడ్డీ పట్టుకోవడానికి ఎప్పటిలాగే పెద్దకూతుర్ని తీసుకెళ్లింది. శనివారం ఆ క్లినిక్‌కు సెలవు కాబట్టి లోపల ఎవరూ లేరు. ఆమె స్టూలెక్కి ఒక్కో రింగూ కడ్డీకి తొడుగుతుంటే పిల్ల కింద నిలబడి రెండో కొస ఎత్తి పట్టుకుంది. కోపంలో ఆమె చేతులు ఎప్పటికంటే వేగంగా ఆడుతున్నాయి.

"అమ్మా, ఒకటి చెప్పనా? అరవొద్దు."

"చెప్పు."

"నా టికెట్ నువ్వు తీసుకో. నేను కూర్చుంటా సంచుల దగ్గర. నాకు పెద్ద ఇష్టం లేదులే. ఫోన్ ఉంటే చాలు, టైమ్ గడిచిపోతుంది."

ఆమె చేయి ఆగిపోయింది. ఆ పెద్ద పార్కు రైలు వీడియో చూసి చూసి అది ఏ మలుపులో తలకిందులవుతుందో కూడా ఈ పిల్లకు కంఠతా వచ్చని ఆమెకు తెలుసు. అయినా ఎంత తేలిగ్గా అనేసింది! నాకు పెద్ద ఇష్టం లేదులే. ఆ మాట, ఆ 'లే', ఆ చిన్న నవ్వు, అన్నీ తనవే. ఎవరూ నేర్పకుండానే వచ్చేశాయి.

పొద్దున భర్త మీద వచ్చిన కోపం ఒక ఎత్తు. ఇప్పుడు ఆమెకు తన మీదే వచ్చిన కోపం ఒక ఎత్తు. స్టూలు దిగింది.

"ఇంకోసారి ఆ మాటన్నావంటే ఊరుకోను."

"ఏమన్నానమ్మా? నీకోసమేగా..."

"అదే అనొద్దంటున్నాను. నువ్వు మానుకుంటే నేను ఎక్కాలా? నేను మానుకున్నందుకే కదా ఇంత పేరుకుపోయింది. మీ నాన్న ఒక్కడే చేశాడా ఇదంతా? ఇవ్వండి సంచులు అని ప్రతిసారీ చేయి చాచింది నేను. ఆయనకు అలవాటు చేసింది నేను. ఇప్పుడు నీకూ నేర్పాను కాబోలు." మళ్లీ స్టూలెక్కింది. "పట్టుకో కడ్డీ. వంకరగా పట్టుకున్నావు."

పిల్ల కడ్డీ సరిగ్గా పట్టుకుంది.

సాయంత్రం అందరూ భోజనాల బల్ల దగ్గర చేరారు. భర్త రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"షాపు యజమానిని అడిగాను. వచ్చే నెల జీతంలో కోసుకునేట్టు అడ్వాన్స్ ఇస్తానన్నాడు. నీకూ ఎక్కే టికెట్టే తీద్దాం, మూడింటికీ. గొడవ లేకుండా పోతుంది."

పిడుగు మొహం వెలిగింది. ఆమె గరిటె గిన్నెలో పెట్టింది.

"వద్దు. నేను చెప్పేది వినండి, మధ్యలో మాట్లాడకండి. వెళ్లేది ఒక్క పార్కుకే. పెద్ద పార్కుకు. అయిదుగురికీ ఒకే రకం టికెట్. నీళ్ల పార్కు, మంచు పార్కు రేపు పొద్దున్నే రద్దు చేయండి. అడ్వాన్స్ తీసుకుని నన్ను ఎక్కిస్తే వచ్చే నెలంతా నేను ఎక్కిన ఖర్చు గురించే వింటాను. అది నాకొద్దు."

"రద్దు చేస్తే కొంత పోతుంది," అన్నాడు అతను మెల్లగా.

"పోనివ్వండి. అడగకుండా కొన్నారు కదా."

పిడుగు ఏడుపు అందుకుంది. "నేను ఫ్రెండ్స్ అందరికీ చెప్పేశాను. మంచులో బొమ్మ చేస్తానని కూడా చెప్పాను."

"వెళ్లలేదని చెప్పు. ఏడువు, నేనేమీ అనను. కానీ మాట మారదు."

"పిల్లకు అదొక్కటైనా..." అతను అనబోయాడు.

"మీరు ఇవ్వనిది నేనడిగితే నేను రాక్షసిని. నాకు లేకుండా చేసి పిల్లలకిస్తే మీరు మంచి నాన్న. ఇన్నాళ్లూ అలాగే జరిగింది. ఇక జరగదు."

అతను కంచంలోకి చూశాడు. తలెత్తినప్పుడు అతని కళ్లలో పొద్దుటి కోపం లేదు.

"పొద్దున టికెట్ల మాట గొప్పగా చెప్పాను నీకు," అన్నాడు. "మెచ్చుకుంటావనే అనుకున్నా. షాపుకు వెళ్లే దారిలో కూడా నీదే తప్పనుకున్నా. అక్కడ ఒకాయన భార్యకు కళ్లజోడు చేయించడానికొచ్చి, ఆవిడ పక్కనుండగానే ఆవిడకు ఏ ఫ్రేమ్ బాగుంటుందో నన్నడిగాడు. ఆవిడనే అడగండి సార్ అన్నాను. అన్నాక ఇక పని సాగలేదు."

ఎవరూ నవ్వలేదు. అత్తగారు మాత్రం కొడుకు కంచంలో ఇంకాస్త కూర వేసింది.

ఆమెకు కళ్లు నిండాయి. ఇంత కోపంలో ఏడుపు రావడం ఆమెకు మరీ కోపం తెప్పించింది. మోచేత్తో తుడుచుకుంది.

"పొద్దున్నే రద్దు చేస్తా," అన్నాడు అతను.

"చేయండి. ఇంకో మాట. సామాను పెట్టే లాకర్ అద్దెకు తీసుకుందాం, ఎంతైనా సరే. ముందు ఏది ఎక్కాలో నేను చెప్తాను. దాని మీద ఓట్లూ గీట్లూ లేవు."

పిడుగు వెక్కిళ్ల మధ్య తలెత్తింది. "ఏది ఎక్కుతావమ్మా?"

అందరూ తినడం ఆపి ఆమె వైపు చూశారు. పెద్దకూతురైతే చెంచా కింద పెట్టేసింది.

"తలకిందులయ్యేది," అంది ఆమె. "మొదటి పెట్టెలో. అక్క నా పక్కన కూర్చుంటుంది."