ఏడో పిల్లర్ బలమెంత?

"ఏడో పిల్లర్‌ని నాలుగింటికి పేల్చేస్తున్నారు రేణుకా. పేల్చేది మనవాళ్లే!"

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. టైం మూడూ ఇరవై.

కొల్లాపూర్ దగ్గర కృష్ణ మీద సైన్యం కోసం కడుతున్న వంతెన అది. పిల్లర్ కాంక్రీటుతో పోసిన క్యూబుల్ని మెషీన్‌లో నొక్కితే ముప్పై రావాల్సిన బలం ఇరవై రెండే వచ్చింది. విదేశీ ముఠా సిమెంట్ కల్తీ చేసిందని కన్సల్టెంట్ ప్రేమ్ కుమార్ రిపోర్ట్. మన నిఘా శాఖ ఇన్‌ఫార్మరూ అతనే. పిల్లర్ కూలితే పని రెండేళ్లు వెనక్కి! శత్రువుకి ఇంకేం కావాలి?

గద్వాల చీరల మూటతో రేణుక వనపర్తి ల్యాబ్ మెట్లెక్కింది. ఆఫీసుల్లో చీరల మూటని ఆపే మొనగాడు ఇంకా పుట్టలేదు.

"కొల్లాపూర్ మామిడి పుల్లగున్నదా?" అంది వరండాలో.

"టెంక ముదిరింది." కోడ్ సరిగ్గా చెప్పాడు ప్రేమ్ కుమార్. సినిమా హీరోలా ఉన్నాడు, సెంటు ఘుమఘుమలాడుతోంది. "సిమెంట్ ఫొటోలు ఇవిగో. ల్యాబ్‌లో చూసేదేం లేదు, బయల్దేరు."

ఇంత తొందరేంటి వీడికి? రేణుకకి ఒళ్లు మండింది. అతను ఫోన్ పట్టుకుని అటు తిరగ్గానే లోపలికి దూరింది.

మూలన పగిలిన క్యూబులు. ఏజెంట్ కాకముందు ఆమె సివిల్ ఇంజనీర్. సరిగ్గా నొక్కిన క్యూబు నాలుగు పక్కలా రాలి డమరుకంలా మిగలాలి. ఇవన్నీ ఒక్క పక్కే చెక్కుకుపోయాయి. రిపోర్టులో మాత్రం 'పగిలిన తీరు నార్మల్' అని ఉంది. పచ్చి అబద్ధం!

"క్యూబు ఎట్ల పెడ్తవన్నా?" అడిగింది అటెండర్ మాసయ్యని.

"చీరలమ్మకు గివన్నీ ఎందుకమ్మా?" నవ్వాడతను. "పాత సారు రిటైరైండు, గీ నెల సంది నేనే చేస్తున్న. సైట్ల కూలి యాదమ్మ క్యూబు పోయంగనే పైన బొట్టు పెడ్తది. బొట్టు మీదికే ఉండేటట్టు పెడ్త. దేవుని బొట్టును పక్కకు తిప్తమా?"

రేణుక తల పట్టుకుంది. తాపీతో చదును చేసిన ఆ పైముఖం ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఎత్తుగా ఉన్నచోటే బరువంతా పడుతుంది. పోసిన ఇనప అచ్చుకి ఆనిన నున్నటి పక్కలే మీదా కిందా రావాలి.

నీళ్ల తొట్టిలో ఒక్క క్యూబు మిగిలింది. తుడిచి, బొట్టు పక్కకి తిప్పించింది. "ఏమైనా సరే, మెషీన్ ఆపకన్నా!"

మెషీన్ ముల్లు కదిలింది. పది... పదిహేను...

"చెబితే వినవు కదా." గుమ్మంలో ప్రేమ్ కుమార్. చేతిలో సైలెన్సర్ పిస్టల్. "మెషీన్ ఆపు ముసలోడా!"

మాసయ్య మెషీన్ వెనక నక్కాడు. కానీ ఆపలేదు. ఇరవై రెండు దాటింది. ముప్పై... ముప్పై ఆరు...

ఢాం!

గట్టి క్యూబు బాంబులా పేలింది. ప్రేమ్ కుమార్ ఉలిక్కిపడ్డాడు, గురి తప్పింది. రేణుక కాలు లేచింది, పిస్టల్ తొట్టిలో పడింది. మరుక్షణం అతని చేతులు వెనక్కి విరిచి గద్వాల చీరతో కట్టేసింది.

"చీఫ్! ఆపండి! పిల్లర్ గట్టిది! క్యూబుల్నే తప్పుగా పెట్టారు!"

మూడూ యాభై తొమ్మిది. అవతల కేకలు. "ఆపేశారు," అన్నాడు చీఫ్.

"నేనేం చేశాను? ఒక్క క్యూబైనా ముట్టుకోలేదు!" అరిచాడు ప్రేమ్ కుమార్.

"తప్పని తెలిసీ నోరు మూసుకున్నావు. నీ ముఠాకి అది చాలు," అంది రేణుక.

మాసయ్య అలాగే కూలబడ్డాడు. "నా వల్లనేనా తల్లీ... వంతెన నేనే కూలగొడ్తుంటినా?" కళ్లలో నీళ్లు. రేణుక అతని భుజం మీద చెయ్యి వేసింది.

"రేణుకా," చీఫ్ వదల్లేదు, "క్యూబుల్ని తప్పుగా పెట్టిన ఏజెంట్ ఎవరు? వివరాలు కావాలి."

"ముఠా మనిషి కాదు సార్," అంది రేణుక. "కాస్త భక్తి ఎక్కువ, అంతే."