మిగిలిపోయిన గోడ

గుట్ట కింది రాళ్ల గుడిసె దిక్కు పొద్దుగూకినంక ఎవరూ పోరు. మట్టి లేదు, సున్నం లేదు. రాయి మీద రాయి పేర్చి గొర్లకాపరి ముసలాయనొకడు కట్టుకున్నడట. ముందటి గోడ పూర్తి కాకముందే సచ్చిపోయిండట. పని మిగిలినోడు ఊరుకోడంటరు తండాల.

ఆ దిక్కే పోయింది ప్రమీల, తప్పిపోయిన మేకను ఎతుక్కుంట. చీకటి పడ్డది. సెల్లు కలుస్తలేదు. తండ్రి రూప్‌సింగ్ దమ్మపేట పోయి ఇంకా రాలే.

తల్లి సక్రి బయలెల్లింది.

పక్కింటి బాలి గడపల నిలబడి, "మేక కోసం బిడ్డ, బిడ్డ కోసం నువ్వు. ఇగ నీకోసం నేను రావాల్నా ఏందక్కా?" అన్నది. మళ్లా తనే గొంతు తగ్గించి, "అడవిల నోరు తెరవకు. పిలిచినవనుకో... ఇంకేదో పలుకుతది."

తండాల ఎరగనోళ్లు లేరు ఆ మాట. చీకట్ల, అడవిల, మనిషి మనిషిని పిలవడు. పలకడు. ఎదురైతే చెయ్యి తాకుతరు, అంతే.

గుట్ట చేరేసరికి సన్నటి వెన్నెల. ఎక్కడో ఎలుగుబంటి గుర్రుమన్నది.

అప్పుడు ఇనబడ్డది— టక్. రాయి మీద రాయి.

మళ్లా... టక్.

గుడిసె ముందటి గోడ లేస్తున్నది. మోకాలెత్తు... నడుమెత్తు... లోపలి నుంచి, ఒక్కో రాయి.

ఇంకో రాయి వచ్చి కూర్చున్నది. దాన్ని సర్దుతున్న చేతికి ఎర్ర గాజులు. బిడ్డ గాజులు.

పానం లేచొచ్చింది సక్రికి. ఎలుగుకు భయపడి పిల్ల గోడ పెట్టుకుంటున్నది, అంతే గదా. ఉరికింది. కట్టుబాటు యాదికే రాలే.

"బిడ్డా... నేనే. ఇటు రా."

ఆ చెయ్యి ఆగిపోయింది. తర్వాత, రాళ్ల సందుల నుంచి గుసగుసగా—

"యాడీ... నువ్వు బయటున్నవా?"

"అవ్. నీ తల్లినే."

"లోపల చీకట్ల నా చెయ్యి తాకితే... నువ్వొచ్చినవనుకున్న. పలకొద్దని నేనూ అడగలే."

"ఏమంటున్నవే?"

"ఇందాకటి నుంచి నాకు రాళ్లందిస్తున్నది... నువ్వు కాదా?"

సక్రి గోడను కాలితో తన్నింది. రాళ్లు గలగలా కూలినయి. బిడ్డ రెట్ట పట్టి బయటికి గుంజింది. ఇద్దరూ కింద పడ్డరు.

లేవబోతూ తలెత్తింది సక్రి.

లోపలి చీకట్ల నుంచి ఒక రాయి ముందుకొచ్చి ఆగింది. నేల మీద కాదు... నడుమెత్తున.

అందుకొమ్మన్నట్టు, ఆమె దిక్కే.