రిపీటర్‌కి అందని గొంతు

"కొండ మీదికి మాత్రం వెళ్ళకే. పిడుగు పడితే ముందు ఆ టవర్ మీదే పడుతుంది. నా మాట విను."

తల్లి ఆ మాట అన్నప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. చిన్ని రెయిన్‌కోటు గుండీలు పెట్టుకుంటోంది.

"కొండెక్కే పని లేదమ్మా. రేడియో క్లబ్బులో కూర్చుని మాట్లాడటమే. వరదకి ఫోన్లన్నీ పోయాయి. ఆసుపత్రికీ, బోట్లకీ ఇవాళ మా రేడియోలే ఆధారం."

"ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా వాళ్ళకి?"

చిన్ని నవ్వి వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి కనిపించకుండా పోయింది.

మోకాళ్ళ లోతు నీళ్ళలో పడుతూ లేస్తూ తల్లి క్లబ్బు మెట్లెక్కేసరికి రెండు దాటింది. మూడో అంతస్తులో ఒక్క గది. బల్ల మీద పెద్ద సెట్టు, మైకు. సెట్టు ముందు మెకానిక్. కిటికీ దగ్గర క్లబ్బు సెక్రటరీ, రిటైరైన పెద్దమనిషి. కింద సెల్లార్ ర్యాంపు దగ్గర జనరేటర్ చెవులు చిల్లులు పడేలా మోగుతోంది.

గది మధ్యలో ఎస్సై. ఆడమనిషి. యూనిఫాం నడుం దాకా తడిసిపోయి ఉంది. గుమ్మం దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్ళు.

"మా అమ్మాయేదమ్మా?" అంది తల్లి.

ఎస్సై ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది. "మా టీం కొండకి బయల్దేరింది. దారి కొట్టుకుపోయి సగంలో ఆగిపోయారు. వేరే దారి చూస్తున్నారు."

తల్లి తలలో కూతురు అప్పటికే మూడుసార్లు చచ్చిపోయింది. పిడుగు పడి ఒకసారి, బండరాయి దొర్లి ఒకసారి, పాము కరిచి ఒకసారి.

ఎస్సై మెకానిక్ వైపు తిరిగింది. "మళ్ళీ మొదట్నుంచి చెప్పు. రిపీటర్ అంటే?"

"కొండ మీద పెట్టె మేడమ్. చేతిలో సెట్టు గొంతు చిన్నది, దూరం పోదు. ఆ పెట్టె దాన్ని అందుకుని ఊరంతటికీ గట్టిగా తిరిగి చెప్తుంది."

"అది ఆగిపోయింది."

"పదకొండింటికి. బ్యాటరీ నీరసపడింది. స్పేర్ బ్యాటరీ తీసుకుని నేనెళ్తానని చిన్ని లేచింది. పన్నెండున్నరకి రిపీటర్ పలికింది. అందరం చప్పట్లు కొట్టాం. అప్పట్నుంచి ఆమె మాట లేదు."

"కొండకే వెళ్ళిందని ఏంటి నమ్మకం?"

"నేను చూశానమ్మా," అన్నాడు సెక్రటరీ. "కొండదారి పట్టింది."

"చేతిలో సెట్టుందా?"

"ఉంది. పొద్దున్నే ఫుల్ ఛార్జింగ్ పెట్టి ఇచ్చాను," అన్నాడు మెకానిక్.

అంతలో స్పీకర్లో టిక్కుమంది. చిన్న గరగర. మళ్ళీ నిశ్శబ్దం.

తల్లి ఉలిక్కిపడింది. "నేనొచ్చినప్పట్నుంచీ అదే చప్పుడు. ఎవరో బయట నిలబడి తలుపు గీరుతున్నట్టుంది."

"అదేం లేదు చెల్లెమ్మా," అన్నాడు సెక్రటరీ. "ఎవరిదో నీరసం సిగ్నల్. రిపీటర్‌ని అలా తాకి పోతుంటుంది. పట్టించుకోకు."

"ఎవరిది?" అడిగింది ఎస్సై.

"దూరంగా ఉన్నవాళ్ళెవరో మేడమ్," అన్నాడు మెకానిక్. "చిన్నిది మాత్రం కాదు. టవర్ కింద నిలబడి మాట్లాడితే గొంతు గంట కొట్టినట్టు రావాలి."

ఎస్సై అతని వైపు ఒక అడుగు వేసింది.

"మరి రాలేదేం?"

ఆమె వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది.

"ఛార్జింగ్ ఉంది. టవర్ పక్కనే ఉంది. అయినా గొంతు లేదు. రిపీటర్‌ని మనిషి చెయ్యి పడకుండా నిద్ర లేపేదేమైనా ఉందా?"

"సోలార్ ప్యానెల్..." మెకానిక్ గొంతు తగ్గింది. "పన్నెండింటికి వాన తెరిపిచ్చింది. కాస్త ఎండ తగిలితే చాలు, తనంతట తనే లేస్తుంది."

"అంటే ఆమె కొండకి వెళ్ళనే లేదు. రిపీటర్ పలికింది కాబట్టి వెళ్ళిందనుకున్నారు. ఆ టిక్కు ఆమెదే అయితే? కొండకి సరిగ్గా అందని చోట ఉండి ఉంటే?"

"కానీ మేమంతా రిపీటర్ మీదే వింటున్నాం మేడమ్. అది పట్టుకోలేని గొంతు మాకెలా..." అంటూనే మెకానిక్ ఆగాడు. సెట్టు మీదికి వంగాడు. "రివర్స్ పెట్టొచ్చు. ఆమె కొండకి పంపేదాన్ని మనమే నేరుగా వినొచ్చు. దగ్గర్లో ఉంటేనే దొరుకుతుంది."

బటన్ నొక్కాడు. హోరు. ఎంతసేపటికీ అదే హోరు. తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ పెట్టెను పట్టుకుని కుదపాలనిపించింది. కుదిపితే పిల్ల రాలి పడుతుందా?

ఒక్కసారిగా సెట్టు మీద సిగ్నల్ బలం చూపే ముల్లు చివరిదాకా లేచింది. స్పీకర్లోంచి పెద్ద మోత. దాని అడుగున ఏదో మాటలా ఉంది. అర్థం కాలేదు. ముల్లు పడిపోయింది.

"చాలా దగ్గర!" అన్నాడు మెకానిక్.

ఎస్సై కిటికీ దగ్గరికి నడిచి కిందికి చూసింది. స్పీకర్లో విన్న మోతే కింద నుంచి వస్తోంది.

"ఆ జనరేటర్ మీదేగా? స్పేర్ బ్యాటరీలు ఎక్కడ పెడతారు?"

సెక్రటరీ గోడకి ఆనుకున్నాడు.

"సెల్లార్లో," అన్నాడు. "నీళ్ళు ర్యాంపు ఎక్కుతున్నాయి. బ్యాటరీలు తడుస్తాయని షట్టర్ దించి ఇసుక బస్తాలు పేర్చాను. లోపలికి ఒక కేకేశాను. ఈ మోతలో..."

"కొండదారి పట్టడం చూశానన్నారు?"

"రిపీటర్ పలికింది కదమ్మా! వెళ్ళే ఉంటుందనుకున్నా. చూశానంటే మీరు వెంటనే వెతుకుతారని... అంతే. నా నోరు పడిపోను."

"వెతికాం. కొండదారిలో వెతికాం," అంది ఎస్సై.

తల్లి అతని మీద పడింది. తిట్టడానికి మాట రాలేదు. చొక్కా పట్టుకుని, "అన్నయ్యగారూ, నీళ్ళు లోపలికి పోతాయా? పోతాయా?" అని అడుగుతూనే ఉంది.

కానిస్టేబుళ్ళు, వెనకాలే సెక్రటరీ, మెట్లమీద దడదడా దిగారు. జనరేటర్ ఆగింది. గదిలో దీపాలు ఆరాయి. బ్యాటరీ మీదున్న సెట్టు ఒక్కటే వెలుగుతోంది. కింద బస్తాలు లాగుతున్న చప్పుడు, అరుపులు. షట్టర్ లేవడం లేదని ఎవరో అంటున్నారు.

మెకానిక్ మైకు తల్లి చేతిలో పెట్టాడు. "ఈ బటన్ నొక్కి మాట్లాడండి పిన్నీ. ఇప్పుడు ఆమెకు వినిపిస్తుంది." తనూ కిందికి పరుగెత్తాడు.

తల్లి బటన్ నొక్కింది. "చిన్నీ! నేనే. వస్తున్నారే, షట్టర్ తీస్తున్నారు. ఎత్తు మీదికెక్కు. బల్ల మీదికెక్కు. వింటున్నావా? ఏమే, పలకవే. కోపమొస్తే రేపు తిట్టుకుందువుగాని. పలకవే తల్లీ..."

పలుకు లేదు. మళ్ళీ పిలిచింది. మళ్ళీ. మైకు పట్టుకున్న చేతి వేళ్ళు తెల్లబడ్డాయి. సెట్టులో హోరు కూడా లేదు. అంతా అయిపోయిందనుకుంది.

ఎస్సై పక్కన వంగింది. తల్లి బొటనవేలిని మెల్లగా పట్టుకుని, బటన్ మీంచి పైకి లేపింది.

హోరు తిరిగొచ్చింది. ముల్లు లేచింది.

"...అమ్మా, బటన్ వదలవే! నువ్వు నొక్కి పట్టుకుంటే నా మాట నీకెలా వినిపిస్తుంది? ఇక్కడే ఉన్నా. ర్యాకు మీదికెక్కా. త్వరగా రమ్మను."