సోమవారం మ్యాచ్ లేదు

"అక్కడ కూర్చోకండి!"

తడిసిన గొడుగు చేత్తో పట్టుకుని కుర్చీ లాక్కుంటున్న అమ్మాయి ఉలిక్కిపడి ఆగింది. "ఏం, పెయింట్ ఆరలేదా?"

"అది కాదండీ. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా మా టీమ్ ఓడిపోతుంది."

ఆమె టీవీ వైపు చూసింది. మసాన్ హెరాన్స్ బేస్‌బాల్ జట్టు ఎనిమిది పరుగులు వెనకబడి ఉంది. బ్యాటర్ వికారంగా ముఖం పెట్టుకుని మైదానంలోంచి బయటికి నడుస్తున్నాడు.

"ఇంతసేపూ ఈ కుర్చీ ఖాళీగానే ఉందా?"

"ఉంది."

"మరి ఇదంతా ఎవరు కూర్చుంటే జరిగినట్టు?"

హోటలంతా గొల్లుమంది. మూజిన్‌కి మాత్రం కుర్చీ ముందునుంచి తప్పుకోక తప్పలేదు. ఆమె నింపాదిగా కూర్చుని, గొడుగు అతని చేతికిచ్చి, "ఒక ప్లేటు అగూ చేప, కారం దండిగా" అంది.

ఓడరేవు వెనక సందులో మల్సూన్ పిన్ని నడిపే ఆ చేపల హోటలే హెరాన్స్ అభిమాన సంఘానికి ఆఫీసు. ఊళ్లో మ్యాచ్ ఉంటే స్టేడియంలో, బయట ఊళ్లో ఉంటే పిన్ని టీవీ ముందు, సభ్యులందరూ కలిసి కూర్చుని గుండెలు బాదుకుంటారు. హెరాన్ అంటే కొంగ. వాళ్ల బ్యాటర్లు బంతి దగ్గరికొచ్చినా కదలకుండా నిలబడి చూస్తారని, వాళ్లది బేస్‌బాల్ కాదు కొంగజపమని పక్క ఊళ్లవాళ్లు ఏడిపిస్తారు. రెండేళ్లుగా పది జట్లలో పదో స్థానం వాళ్లదే. ఆ స్థానానికి ఇంకెవరూ పోటీ రాలేదు.

సంఘం కార్యదర్శి మూజిన్. వయసు ముప్ఫై ఒకటి. మార్కెట్ వీధిలో కళ్లద్దాల షాపు. స్టేడియంలో పెద్ద డోలు వాయించేదీ అతనే. కిందటేడు ఒక అంపైరుకి సంఘం తరఫున కళ్లజోడు పార్సిల్ చేసిన ఘనత కూడా అతనిదే. నంబరు కాస్త అటూ ఇటూ అయిందని అంపైరు దాన్ని తిప్పి పంపాడు.

ఆ అమ్మాయి పేరు దామి. మార్చిలో గాంగ్‌నుంగ్ నుంచి వచ్చింది. సిటీ బస్సు డ్రైవరు. నలభై రెండో నంబరు రూటు. ఊళ్లో ఒక్కరూ తెలియదు. ఆ రాత్రి హెరాన్స్ పదకొండు పరుగుల తేడాతో ఓడాక, "ఎప్పుడూ ఇంతేనా?" అని అడిగింది.

"ఒక్కోసారి ఇంకా ఘోరం" అన్నాడు మూజిన్.

"భలే ఉందే. సభ్యత్వానికి ఏం చెయ్యాలి?"

రెండు వారాల్లో ఆమె గొంతు ప్రెసిడెంటు గారి గొంతుని మించిపోయింది. అది మామూలు విషయం కాదు. సంఘం ప్రెసిడెంటు గూ గారు ముప్ఫై ఏళ్లు చేపల రేవులో వేలం పాడిన మనిషి. ఆయన గుసగుసలాడితే పక్క వీధిలో కుక్కలు లేస్తాయి. మన ఆటగాళ్లు బేస్ వదిలి కదలకపోతే దామి లేచి నిలబడి, "ఆఖరి స్టాపు వచ్చింది, దిగండి బాబూ, దిగండి!" అని అరిచేది. స్టాండంతా పడీ పడీ నవ్వేది. ఆ నవ్వు చూడటానికి మూజిన్ డోలు దెబ్బ ఒకటి తప్పేవాడు. ఎందుకు తప్పిందని ఎవరైనా అడిగితే చెయ్యి నొప్పి అనేవాడు.

జూన్ చివర్లో, దామి డ్యూటీలో ఉన్న రోజు చూసి, ప్రెసిడెంటు అత్యవసర సమావేశం పెట్టాడు.

"ఆ పిల్ల వచ్చిన మ్యాచ్‌లు పద్నాలుగు. పద్నాలుగూ ఓడాం. రానివి ఐదు. మూడు గెలిచాం" అని నోటు పుస్తకం బల్ల మీద పెట్టాడు.

"ఆ అమ్మాయి రాకముందు ఏం పొడిచారో?" వంటగదిలోంచి పిన్ని అడిగింది.

"నువ్వు చేప సంగతి చూడు మల్సూన్. ఇది లెక్కల వ్యవహారం."

"అయితే రావద్దని ఆమెకే చెబుదాం" అన్నాడు మూజిన్.

"ఎవరు చెబుతారు? నువ్వా?"

ఎవరూ చెప్పలేరు. దామి అంటే అందరికీ ఇష్టమే. అదే చిక్కు. అరగంట తర్జనభర్జన పడ్డాక తీర్మానం అయింది: మ్యాచ్ ఉన్న సాయంత్రాల్లో దామికి డ్యూటీ లేకపోతే మూజిన్ ఆమెను ఎక్కడికైనా తీసుకెళ్లాలి. సినిమాకో, సముద్రానికో.

"వారానికి ఆరు రోజులు మ్యాచ్‌లే కదండీ!"

"నీకేమన్నా పెళ్లామా పిల్లలా? టీమ్ కోసం ఆ మాత్రం చెయ్యలేవురా?"

ఒక వారం పొద్దుటి డ్యూటీ, ఒక వారం మధ్యాహ్నం డ్యూటీ. పొద్దుటి డ్యూటీ వారాల్లో మూజిన్ దేశసేవకు బయల్దేరేవాడు. మొదటి రోజు సినిమా. రెండో రోజు చల్లటి చేప సూపు. మూడో రోజు ఇంకేమీ తోచక షాపుకి తీసుకెళ్లి కంటి పరీక్ష చేశాడు.

"కింది వరస చదువు."

"చదవను. నువ్వు అద్దం వెనకాల నించుని నన్నే చూస్తున్నావ్. ముందు ఎవరి కళ్లు పరీక్ష చెయ్యాలో తేల్చు."

"డాక్టర్లు అలాగే చూస్తారు."

"నువ్వు డాక్టరువా?"

"...కాదు."

నాలుగో రోజు పడవెక్కి దీవికి వెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు వాన పట్టుకుంది. ఇద్దరికీ ఒక్కటే గొడుగు. దామి గొడుగుని అతని వైపు నెట్టేది, అతను ఆమె వైపు నెట్టేవాడు. చివరికి గొడుగు కిందున్న ఖాళీ ఒక్కటే తడవకుండా మిగిలింది. రేవులో దిగాక ఆమె జుట్టు పిండుకుంటూ, "ఈ ఊరొచ్చి నాలుగు నెలలైంది. ఒంటరిగా లేనని ఇవాళే మొదటిసారి అనిపించింది" అంది. అప్పుడే జేబులో ఫోను మోగింది. హెరాన్స్ గెలిచింది. ఆ వార్త చూసి సంతోషించడం మూజిన్ మర్చిపోయాడు.

మళ్లీ పొద్దుటి డ్యూటీ వారం సోమవారంతో మొదలైంది. సోమవారం మ్యాచ్‌లుండవు. మూజిన్‌కి సంఘం పని నుంచి సెలవు. షాపులో ఫ్రేములు తుడిచాడు. తుడిచినవే మళ్లీ తుడిచాడు. సాయంత్రం ఆరింటికి ఫోన్ తీసి, "ఖాళీయేనా?" అన్నాడు.

"ఇవాళెక్కడికి?"

"ఎక్కడికీ లేదు. ఊరికే."

ఇద్దరూ మార్కెట్ మెట్ల మీద కూర్చుని వేడి చేపకేకులు తిన్నారు. అంతే. అయినా ఆ రాత్రి మూజిన్‌కి నిద్ర పట్టలేదు. ఇది సంఘం పని కాదని అతనికి అప్పుడే తెలిసిపోయింది. దామికి నిజం చెప్పెయ్యాలనుకున్నాడు. రేపు చెబుదామనుకున్నాడు. అలా ఆగస్టు అయిపోయింది.

సెప్టెంబరు మొదటి వారం, ఒక ఉదయం నలభై రెండో నంబరు బస్సు వెనక సీట్లో ప్రెసిడెంటు గారు కూర్చుని ఫోన్లో మాట్లాడుతున్నారు. డ్రైవరు ముఖం చూసి బస్సెక్కే అలవాటు ఆయనకు ఎన్నడూ లేదు.

"శని వదిలిందయ్యా! ఆ దామి పిల్లని మన మూజిన్ గాడు ఊరంతా తిప్పుతున్నాడు. తీర్మానం చేసి మరీ అప్పజెప్పాం. ఏడు గెలిచాం! ఇవాళ వంతెన చూపిస్తాట్ట!"

వేలం పాడిన గొంతు. బస్సు బస్సంతా విన్నది.

నాలుగు స్టాపుల తర్వాత మార్కెట్ వీధిలో బస్సు ఆగింది. తలుపు తెరుచుకుంది. హారన్ మోగింది, ఆగకుండా. కళ్లద్దాల షాపులోంచి మూజిన్ పరుగున వచ్చాడు.

"మూజిన్ గారూ!" అంది దామి. ఆ 'గారూ' వినగానే అతను మెట్టు దగ్గరే ఆగిపోయాడు. "సాయంత్రం వంతెన దగ్గరికేనా మనం?"

"నీకెలా తెలుసు? చెప్పకుండా తీసుకెళ్దామనుకున్నా."

"వెనక సీట్లో మీ ప్రెసిడెంటు గారు చెప్పారు. నా శని వదిలి ఏడు గెలిచారట. అభినందనలు."

వెనక సీట్లో ప్రెసిడెంటు చేపల సంచీ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ముందు సీట్లో ఉల్లికాడల కట్టతో కూర్చున్న అవ్వ తల పైకెత్తింది. "అయ్యయ్యో. చూడ్డానికి బుద్ధిమంతుడిలాగే ఉన్నాడే."

"దామీ, నేను చెబుదామనే..."

"ఒక్కటి చెప్పు. ఈ ఊళ్లో నాకు కుర్చీ వేసింది మీరే. చేతులెత్తి ఓటేసి నన్ను బయటికి పంపిందీ మీరే. సరే, బేస్‌బాల్ పిచ్చి అనుకుంటా. పడవలో వెళ్లిన రోజు? అదీ డ్యూటీయేనా?"

ఆ రోజు డ్యూటీయే. కాదంటే అబద్ధం. అవునంటే అదీ పూర్తి నిజం కాదు. అతను తేల్చుకునేలోగా తలుపు బుస్సుమని మూసుకుంది.

దామి మళ్లీ హోటల్‌కి రాలేదు. ఫోన్ ఎత్తలేదు. హెరాన్స్ మాత్రం ఆమె లేకుండానే వరసగా తొమ్మిది ఓడింది. మూజిన్ డోలు చావు డప్పులా మోగుతోందని స్టాండులో జనం సణిగారు.

తొమ్మిదోది ఓడిన రోజు పిన్ని వచ్చి ప్రెసిడెంటు ముందు చేప పళ్లెం ఠపీమని పెట్టింది. "ఆ పిల్ల రాక నెల కావస్తోంది. ఇప్పుడెవరిని పంపిస్తావ్? నన్నా?"

ప్రెసిడెంటు నోటు పుస్తకం మూసి దాని మీద చెంబు పెట్టాడు.

అక్టోబరు మొదటి ఆదివారం, మధ్యాహ్నం రెండింటికి ఆఖరి మ్యాచ్. గెలిస్తే తొమ్మిదో స్థానం, ఓడితే వరసగా మూడో ఏడు పదో స్థానం. పొద్దున్నే మూజిన్ డోలు మోసుకొచ్చి హోటల్ గుమ్మంలో దింపాడు.

"నేను రావట్లేదు పిన్నీ."

"పద్నాలుగేళ్లలో ఒక్క ఆఖరి మ్యాచ్ తప్పలేదు కదరా!"

"తెలుసు."

పిన్ని అతన్ని కిందికీ పైకీ చూసింది. "చొక్కా ఇస్త్రీ లేదు. పోనీలే, వెళ్లు. డోలు నేను కొడతా. పిండి దంచిన చెయ్యే ఇది."

మధ్యాహ్నం మ్యాచ్ మొదలయ్యే వేళకి అతను నలభై రెండో నంబరెక్కి, డ్రైవరు వెనక మొదటి సీట్లో కూర్చున్నాడు. దామి అద్దంలో ఒక్కసారి చూసి చూపు తిప్పుకుంది. తలపైన బోర్డు ఉంది: డ్రైవరుతో మాట్లాడరాదు.

"అవ్వా," అన్నాడు పక్కన కూర్చున్న ముసలమ్మతో. ఇవాళ ఆమె చేతిలో ముల్లంగి ఉంది గాని, మనిషి ఆ ఉల్లికాడల అవ్వే. "ఈ డ్రైవరమ్మతో మాట్లాడకూడదట. మీతో మాట్లాడొచ్చా?"

"మాట్లాడు నాయనా. ఆ రోజు సగంలోనే ఆగిపోయింది, నాకూ మనసు పీకుతోంది."

"నేనో అమ్మాయిని మోసం చేశాను. మొదట్లో ఆమెను తీసుకెళ్లింది సంఘం చెబితేనే. పడవెక్కిన రోజూ సంఘం చెబితేనే. దానికి సంజాయిషీ లేదు. కానీ సోమవారం మ్యాచ్ ఉండదవ్వా. సోమవారం నన్నెవరూ పంపలేదు. ఆమెకు ఫోన్ చేసింది నేనే. ఆమె సాయంత్రం ఖాళీగా ఉన్న తర్వాతి సోమవారం కూడా. ఆ తర్వాతదీ."

బస్సు మలుపు తిరిగింది. కాస్త గట్టిగానే తిరిగింది. ముల్లంగి దొర్లిపోయింది.

"ఎన్ని సోమవారాలు?" అద్దంలోంచి వినిపించింది.

"మన మాటలు వింటోందిరా అబ్బీ" అంది అవ్వ సంతోషంగా.

"ఐదు. మిగతావి నీకు మధ్యాహ్నం డ్యూటీ. ఆ సోమవారాల్లో మా షాపు ముందు స్టాపు దగ్గర నిలబడి నీ బస్సు వెళ్లడం చూశాను."

"ఎక్కలేదేం?"

"సిగ్గేసింది."

అవ్వతో సహా అందరూ దిగిపోయారు. డిపోలో బస్సు ఆపి, టోపీ తీసి, దామి మొదటిసారి అతని వైపు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇవాళ ఆఖరి మ్యాచ్ కదా. ఇక్కడేం చేస్తున్నావ్?"

"ఇక్కడికే వద్దామనుకున్నా. వచ్చాను."

"గెలుస్తున్నారా?"

"చూడలేదు."

ఆ మాట నిజమో కాదో అతని ముఖంలో వెతికింది. తర్వాత తాళాల గుత్తి ఊపుతూ నడిచింది. "పద. ఓడితే నా మీదికే తోస్తారుగా, కనీసం దగ్గరుండి చూస్తా."

వాళ్లు స్టాండులోకి వెళ్లేసరికి ఏడో ఇన్నింగ్స్. హెరాన్స్ మూడు, అవతలివాళ్లు ఒకటి. దామిని చూడగానే సంఘం మొత్తం బిగుసుకుపోయింది. పిన్ని డోలు ఆపింది. ప్రెసిడెంటు స్కోరుబోర్డు చూశాడు, దామిని చూశాడు, మళ్లీ స్కోరుబోర్డు చూశాడు. చివరికి తన పక్క సీట్లో ఉన్న కోటు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"కూర్చో తల్లీ" అన్నాడు. జన్మలో మొదటిసారి ఆయన గొంతు పక్కవాళ్లకి కూడా వినపడలేదు. "తప్పు నాదే. ఓడితే అందరం కలిసే ఓడదాం."

"అలా అయితే కాస్త జరగండి. ఇద్దరం ఉన్నాం."

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో అవతలివాళ్లు మూడు పరుగులు తీశారు. నాలుగు, మూడు. ఒక్కరూ దామి వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి వాళ్లు పడ్డ అవస్థ చూసి ఆమెకే నవ్వొచ్చింది.

తొమ్మిదో ఇన్నింగ్స్. హెరాన్స్‌కి ఆఖరి అవకాశం. బేస్‌లో ఒకడున్నాడు. ఇద్దరు ఔటయ్యారు, మూడోవాడు ఔటైతే ఆట అయిపోయినట్టే. అంతసేపూ కొంగలా నిలబడ్డ బ్యాటరు ఉన్నట్టుండి బ్యాటు ఝుళిపించాడు. ఠాప్ మని మోగింది. బంతి ఆకాశంలోకి లేచింది, కుడివైపు గోడ మీదికి, దాటితే గెలుపే. పన్నెండు వేల మంది ఒక్కసారిగా లేచి తలలు పైకెత్తారు.

దామి తల పైకెత్తలేదు. మూజిన్ చొక్కా కాలరు పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"ఇటు చూడు. నాకూ నువ్వంటే ఇష్టమే. ఇంకోసారి నా వెనకాల తీర్మానాలు చేశావో, బస్సు కింద తోసేస్తా. అర్థమైందా?"

అతను తలూపే లోగానే ముద్దు పెట్టుకుంది.

చుట్టూ పెద్ద అరుపు లేచింది. ఆ వెంటనే, పన్నెండు వేల మందీ కలిసి విడిచిన నిట్టూర్పు.

ఆ మ్యాచ్ ఎలా ఓడారో మూజిన్‌కి ఇప్పటికీ తెలియదు. గాలి వెనక్కి తోసిందని ప్రెసిడెంటు అంటాడు. ఫీల్డరు గోడెక్కి పట్టాడని పిన్ని అంటుంది. కార్యదర్శి కాబట్టి సంఘం పుస్తకంలో రాయాల్సింది అతనే. ఏం రాయాలో తోచక దామిని అడిగితే, "నేను చూస్తేగా?" అంది.