పళ్ళబాయి కాడ కాపలా

మా ఊరికీ దుత్తలూరు రోడ్డుకీ నడమ ఒక పాడుబాయి ఉండాది. దాన్ని పళ్ళబాయి అంటారు. నోట్లో ఉండే పళ్ళు.

దొరల కాలంలో గురుస్వామి అని ఒక ఆకుపసరు వైద్యుడు ఉండేవాడంట. ఊళ్ళో గొడ్లు వరసబెట్టి చచ్చేసరికి చేతబడి చేసినాడని పట్టుకున్నారు. పళ్ళుంటేనే మంత్రం పలుకుతాది, పళ్ళు పోతే మంత్రం గాలికి పోతాది — అదీ అప్పటి లెక్క. రోకలిబండతో పళ్ళు రాలగొట్టి ఈ బాయిలో పారేసినారు. కొట్టినోళ్ళను కోర్టులో నిలబెట్టి జైల్లో ఏసినారని మా నాయన చెప్పేవాడు. వాళ్ళు జైలు నుంచి తిరిగొచ్చినారు. పళ్ళు మాత్రం బాయిలోనే ఉండిపోయినాయి.

అప్పటి నుంచి పొద్దుగూకినాక ఆ దారిన పోతే... వెనక ఎవురో బోసినోటితో గొణుగుతా వస్తారంట. తిరిగి చూస్తే — నా పళ్ళు చూసినావా అని అడుగుతారంట.

నేను ఇట్టాంటివి నమ్మను. బాప్టిస్టు సంఘంలో డీకన్ని, అంటే సంఘం పెద్దల్లో ఒకణ్ణి. నా ఇంట్లో తాయెత్తు లేదు, గుమ్మానికి నిమ్మకాయ లేదు, దిష్టి తీసేది అసలే లేదు. పైగా కొండలయ్య అబద్ధం ఆడడని ఆత్మకూరు సంత దాకా తెలుసు. ఈ మాట నేను చెప్పుకునేది కాదు, ఊరు చెప్పాల. ఊరు మర్చిపోతే నేను గుర్తు చేస్తాను.

సారా అంగళ్ళు మూతపడిన మరుసటేడు, అమావాస్య తెల్లారేసరికి ఆ బాయి గట్టు మింద ఏందేందో కనపడటం మొదలైంది. మాడిన మిరపకాయలు, ఉప్పు, కోసిన నిమ్మకాయ, పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళు. అప్పుడే ప్రెసిడెంటు రాజమోహన్ ఎద్దులు పడిపోయినాయి. ఆయన కోడలు చెంచులక్ష్మి జ్వరంతో మంచం పట్టింది. అవే వస్తువులు ఎవురి గడప ముందరన్నా ఉంటే దిష్టి తీసినారనుకోని దాటుకోని పోతారు. పాడుబాయి కాడ ఉండేసరికి చేతబడి అన్నారు.

ఎవురు చేసినట్టు? బాయికి దగ్గర్లో ఉండేది వరదమ్మ గుడిసె. సోమశిల డ్యాములో ఊరు మునిగిపోతే ఈడికొచ్చి పడిన మనిషి. మొగుడు లేడు, వెనకా ముందూ ఎవురూ లేరు. ఇంకేం కావాల.

నాకూ ఆ మనిషంటే పడదు. బోరింగు కాడ ఒకసారి, "డీకనయ్యా, బిందె వరసలో పెట్టు. పరలోకంలో ముందర కూర్చుందువులే" అనింది. ఆడోళ్ళంతా నవ్వినారు. ఎవురెవురు నవ్వినారో ఇప్పుడడిగినా చెప్తాను.

ఊళ్ళో మళ్ళా రోకలిబండ మాట లేచింది. ఎవురు చెప్పినారో ఏమో, ఎస్సై జీపులో దిగినాడు.

"చేతబడి చేసిందని కేసు రాయడానికి నా దగ్గర సెక్షను లేదు. పళ్ళు పీకినోడి మింద రాయడానికి మాత్రం ఉండాది. ఎవురికి కావాలో ముందుకు రండి" అన్నాడు.

ఎవురూ రాలా. జీపు దుమ్ము అణగకముందే రాజమోహన్ సొంత చట్టం చేసినాడు. కొట్టేది లేదు, కళ్ళారా చూసినోడు సాక్ష్యం చెప్తే గుడిసె పీకి, చేసినోళ్ళను ఊరు దాటించేది. ఊరు దాటినాక రోకలిబండ ఎవురి చేతిలో ఉంటాదో ఆయన చెప్పలా, ఎవురూ అడగలా.

"చూసేవాడు అబద్ధం ఆడనోడై ఉండాల" అన్నాడు రాజమోహన్.

అందరూ నా పక్క చూసినారు. చూడకుంటే నేనే దగ్గేవాణ్ణి.

వరదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకోని నిలబడింది. ఒక్క మాటకు నాలుగు మాటలు అప్పజెప్పే మనిషి ఆ రోజు నోరు మెదపలా. తప్పు చేసింది గాబట్టే అని తేల్చేసినా.

నేను ఊళ్ళో లేననుకుంటేనే చేసేవోళ్ళు బయటపడతారని, అమావాస్య రోజున కొండాపురంలో చెల్లెలింటికి పోతున్నానని ఇంట్లో చెప్పి బస్సెక్కినా. బస్సెక్కింది నిజమే. రెండో స్టాపులో దిగినానని చెప్పలా, అంతే.

రెండు నెలలుగా పట్టుకున్న దగ్గు ఆ వారమే తగ్గింది గాబట్టి, చీకటి పడినాక బాయి పక్కన సర్కారు తుమ్మ పొదలో చప్పుడు లేకుండా కూర్చున్నా. టార్చిలో సెల్లులు నీరసంగా ఉండాయి. కొత్తవి కొనాలంటే రాజమోహన్ బామ్మర్ది అంగడికి పోవాల. వాడితో పాత తగువుండాది, పోను.

గాలి లేదు. కీచురాళ్ళు అరస్తా ఉండాయి... ఉన్నట్టుండి ఆగిపోయినాయి.

అప్పుడు వినపడింది — గొణుగుడు.

బోసినోటి గొణుగుడే. దగ్గరకొస్తా ఉండాది. ధైర్యానికి మనసులో కీర్తన ఎత్తుకున్నా. ఒక చరణం అయినాక రెండోది రాలా. చిన్నప్పటి నుంచి పాడతానే ఉన్నా, రాలా.

తెల్లగా ఏదో గట్టెక్కింది. తల లేదు... ఉండాదేమో, ముసుగులో కనపడలా. వంగింది. చేతిలో నుంచి ఎర్రగా ఏందో కారింది.

లేచి చెయ్యి పట్టుకోవాల. అదీ నేనేసుకున్న ప్లాను. నా కాళ్ళకు ఆ సంగతి ఎవురూ చెప్పినట్టు లేదు.

గొణుగుడు ఇప్పుడు తేటగా వినపడింది. "కొండలయ్య మింద పడిన కళ్ళన్నీ... ఈ బాయిలో పడిపోవాల..."

నా పేరే.

టార్చి నొక్కినా. ఆరిపోయే వత్తి మాదిరి ఎర్రటి వెలుతురు. ఆ వెలుతురులో మొకం కనపడలా, కోక అంచు కనపడింది. తెల్లకోక, నీలం అంచు. అంచులో పొయ్యి నిప్పు పడి కాలిన బొక్క. ఆ కోక ఆత్మకూరులో బేరమాడి కొన్నది నేను. ఆ బొక్కకు నెలంతా తిట్టింది నేను.

రెబెకమ్మ... నా పెళ్ళాం.

టార్చి ఆరిపోయింది. తెల్లది చీకట్లో కలిసిపోయింది. పెళ్ళైన నాటి నుంచి నా పేరు పలకని మనిషి — డీకన్ ఇంట్లో దిష్టి తియ్యకూడదని ఈడికొచ్చి, పేరు పెట్టి మరీ తీస్తా ఉండాది.

తెల్లారేదాకా ఆ ముళ్ళలోనే కూర్చున్నా. చూసింది చెప్తే నా సాక్ష్యంతోనే నా పెళ్ళాం ఊరు దాటాల. ఎవురూ రాలా అంటే గట్టు మింద పచ్చి నిమ్మకాయ ఉండాది. వరదమ్మ పని అయిపోతాది.

పొద్దున చావిడి కాడ ఊరంతా చేరింది. వరదమ్మ అప్పటికే మూట కట్టుకోని నిలబడుండాది. రెబెకమ్మ ఆడోళ్ళలో కొంగు బిగించుకోని ఉండాది.

"చూసినావా, కొండలయ్యా?" అన్నాడు రాజమోహన్.

"చూసినా."

"ఆడమనిషేనా?"

"మొగమనిషి."

"ఎవురు?"

ఆడోళ్ళ పక్క చూడకుండా చెప్పినా.

"గురుస్వామి. నా పళ్ళు చూసినావా అన్నాడు. చూడలా అన్నా."

ఒక్కరు కూడా నవ్వలా. వేరేవోడు చెప్పుంటే నవ్వేవాళ్ళే. నేను అబద్ధం ఆడను గదా. ఆ సాయంత్రమే బాయి కాడ రాయి పాతి, గురుస్వామిని క్షమించమని టెంకాయ కొట్టినారు. వరదమ్మ గుడిసె జోలికి ఎవురూ పోలా. చెంచులక్ష్మికి డాక్టరు మలేరియా మాత్రలిస్తే లేచి తిరిగింది. ఆ పుణ్యమూ గురుస్వామికే పోయింది. దెయ్యాన్ని చూసిన డీకను మాకొద్దని పాస్టరు జోయల్ గారు నన్ను కుర్చీ దిగమన్నారు.

ఇంటికొచ్చి రెబెకమ్మ మింద పడినా. "నీ కోసం అబద్ధమాడి కుర్చీ పోగొట్టుకున్నా. ఆ చీకట్లో బాయి కాడికి ఎట్టా పోయినావే?"

"నేనా?" అనింది. "పగలు పోవాలన్నా నాకు గుండె దడ. నీ దగ్గు పోవాలంటే మూడు అమావాస్యలు నిండాల. నువ్వు నిద్రపోయినాక తిప్పి వరదమ్మ చేతికిస్తా. అది పారబోసొస్తాది. నా పాతకోక కూడా దానికే ఇచ్చేసినా."

"మొన్న నేను ఇంట్లో లేను గదే."

"నీ దిండుకు తిప్పినా."

ఆకూవక్క నోట్లో పెట్టుకోని మాట్లాడితే వరదమ్మ గొణుగుడు ఎట్టుంటాదో నాకప్పుడు గుర్తొచ్చింది.

"మరి ఊరంతా తన మింద పడితే వరదమ్మ నీ పేరు చెప్పలేదే?"

"చెప్పమన్నా. 'డీకనయ్య కుర్చీ పోతాది, వద్దులే అక్కా' అనింది. నీ సాక్ష్యం అయినాక నేనే లేచి చెప్దామని వచ్చినా. అంతలో నువ్వు గురుస్వామి అంటివి. దాన్ని పోయి చూడు. నువ్వు చెప్పింది విన్నప్పటి నుంచి జ్వరంతో పడుండాది."

పోయినా. వరదమ్మ కుక్కిమంచంలో ఒణుకుతా ఉండాది. నన్ను చూసి లేవబోయింది.

"డీకనయ్యా, నేనప్పుడు ఆడనే ఉన్నా గదా... ఏ పక్కన నిలబడినాడు?"

"ఎడం పక్కన." నోట్లో నుంచి జారిపోయింది. మళ్ళా సర్దుకున్నా. "అబద్ధం చెప్పినా, వరదమ్మా. ఆడ ఎవురూ లేరు. నువ్వే ఉండావు."

ఆ మనిషి నా చెయ్యి పట్టుకుంది. "నాకు ధైర్యం చెప్పడానికి అంటాండావు. నువ్వు అబద్ధం ఆడతావా, అయ్యా?"

ఎంత చెప్పినా నమ్మలా. ఇంక చచ్చినా బాయి గట్టెక్కనని ఒట్టేసుకుంది.

నా దగ్గు తిరగబెట్టింది. మరుసటి అమావాస్యకు రెబెకమ్మ ఎర్రనీళ్ళ పళ్ళెం తెచ్చి నా చేతిలోనే పెట్టింది. నువ్విప్పుడు డీకన్‌వి కాదు గదా, అడ్డమేముంది అనింది. నేను గుడిసె దాటతా ఉంటే, వరదమ్మ గడపలో నిలబడి మెల్లగా చెప్పింది.

"ఎడం పక్క చూసుకోని పో, డీకనయ్యా."

నేను కుడిపక్కే చూసుకుంటా పోయినా.